నీటి కింద చాప

ములీలి నోరు విప్పగానే నవ్వొస్తుంది. వచ్చీరాని ఇంగ్లీషు. కర్త ఒక దిక్కున, క్రియ ఇంకో దిక్కున. ఏ వాక్యం మొదలుపెట్టినా సగం దారిలోనే కాలు మడతపడి కూలబడుతుంది. చివర్లో మాత్రం ఒక స్వాహిలీ మాట దబ్బున పడుతుంది: ‘కబీసా’. పూర్తిగా, బొత్తిగా, ఇక తిరుగులేదు అని దానర్థం. ఊళ్లో పెత్తనం చేసేవాడు పంచాయితీ మధ్యలో ‘అంతే!’ అని లేచి నిలబడతాడే, ఆ బాపతు మాట. ముందున్న వాక్యం ఎంత కుంటిదైనా సరే, ‘కబీసా’ పడ్డాక దానికి ఎదురు చెప్పేవాడు ఉండడు.

కెన్యా నాటకకర్త ఫ్రాన్సిస్ ఇంబుగా రాసిన ‘బిట్రేయల్ ఇన్ ది సిటీ’లో ములీలి ఒక సిపాయి. 1976లో అచ్చయిన నాటకం ఇది. ఆ దేశాన్ని ఏలేవాడికి పేరు లేదు, అందరూ ‘బాస్’ అనే అంటారు. ములీలి ఆ బాస్‌కు చుట్టం. అతని అర్హతలన్నీ ఆ చుట్టరికంలోనే ఉన్నాయి.

ఒకచోట ములీలి తనకు గిట్టనివాడి మీద చాడీ చెప్పబోతాడు. ఇంగ్లీషులో అందరికీ తెలిసిన నుడికారం ఒకటి ఉంది, పచ్చగడ్డిలో దాక్కున్న పాము గురించి. దాన్ని వాడదామనుకుంటాడు. తీరా నోటికొచ్చేసరికి పాము, గడ్డి చోట్లు మార్చుకుంటాయి. అదే భావానికి మనం ‘చాప కింద నీరు’ అంటాం. ఎవరైనా పెద్దాయన ముందు చేతులు కట్టుకుని నిలబడి ‘వాడు నీటి కింద చాపలాంటోడు సార్’ అన్నాడనుకోండి. అదీ సంగతి.

మొదటిసారి చదివినప్పుడు నవ్వుకుని పేజీ తిప్పేశాను. మళ్లీ చదివినప్పుడు అక్కడే ఆగిపోయాను. గడ్డిలో పాము ఉందంటే దాక్కున్నది పాము. పాముల మధ్యన గడ్డి ఉంటే? అప్పుడు దాక్కోవాల్సినది గడ్డే. మన మాటలోనూ అంతే. నీరు దొంగచాటుగా పాకి వచ్చే దశ ఎప్పుడో దాటిపోయింది. అది బాహాటంగా పైనే ఉంది, మనిషి కూర్చోవాల్సిన చాప మునిగిపోయింది. తలకిందులుగా పలికిన ఆ మాటలో ఆ దేశం పరిస్థితి ఉన్నదున్నట్టు వచ్చేసింది. ములీలికి ఆ సంగతి తెలియదు, ఇంబుగాకు తెలుసు. పాత్ర చేత తప్పు మాట్లాడించి అదే నోటితో నిజం చెప్పించడం చాలా కష్టమైన పని. ఆ తప్పు ఒక్క అక్షరం పక్కకు జరిగితే వట్టి వెకిలి హాస్యం అయిపోతుంది.

ఇంకో విషయం గమనించండి. ములీలి మాటను ఎవరూ సరిదిద్దరు. అధికారులు ఉంటారు, చదువుకున్నవాళ్లు ఉంటారు, అతనికంటే మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లే అందరూ. అతను ఏం చెప్పబోయాడో వాళ్లే అర్థం చేసుకుని తలూపుతారు. నాటకంలో అవినీతి మొదటిసారి నా కంటబడింది ఆ తలూపడంలో. చేతులు మారే డబ్బు ఆ తర్వాత కనబడింది. సరిగ్గా మాట్లాడాల్సిన అవసరం ఒకడికి తప్పిపోయిందంటే వాడు ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదన్నమాట. వ్యాకరణం కూడా ఒక చట్టమే. అన్ని చట్టాలూ ఎవరికి మాఫీ అయ్యాయో వ్యాకరణమూ వాళ్లకే మాఫీ అయింది.

కథ జరిగే దేశం పేరు కఫీరా. ఆఫ్రికా అన్న మాటను స్వాహిలీలో రాసే పద్ధతిలో రాసి, అక్షరాలను తారుమారు చేసి పేరిస్తే కఫీరా వస్తుంది. దీన్ని కేవలం కెన్యా ప్రభుత్వం కన్నుగప్పడానికి పన్నిన ఉపాయమని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనిపించడం లేదు. ములీలి నుడికారం ఎలా తిరగబడిందో దేశం పేరూ అలాగే తిరగబడింది. ఉన్న అక్షరాలన్నీ ఉన్నాయి, ఏదీ పోలేదు, ఏదీ ఉండాల్సిన చోట లేదు. స్వాతంత్ర్యం వచ్చిన పుష్కరకాలానికి తన దేశం ఎలా ఉందో ఇంబుగా ఒక్క పేరులో చెప్పేశారు.

ఆ కాలం ఎలాంటిదో రెండు మాటల్లో చెప్పాలి. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1969లో మంత్రి టామ్ ఎంబోయాను నైరోబీ వీధిలో కాల్చి చంపారు. 1975 మార్చిలో, ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించే ఎంపీ జె.ఎం. కరియుకి హత్యకు గురై నైరోబీ దగ్గరి కొండల్లో శవమై దొరికారు. ఆ మరుసటి ఏడే ఈ నాటకం అచ్చయింది. ఇంత తెగువతో రాసిన నాటకాన్ని 1977లో లాగోస్‌లో జరిగిన నల్లజాతి, ఆఫ్రికా కళల ప్రపంచ ఉత్సవానికి కెన్యా తరఫునే పంపారు. తర్వాతి కాలంలో కెన్యా హైస్కూలు పిల్లలకు పాఠ్యపుస్తకమూ అయింది. ఇంబుగా 2012లో కన్నుమూశారు. ఆయన పనితనం మీద ఉగాండా నాటకకర్త జాన్ రుగాండా ఒక పుస్తకమే రాశారు. నిజాన్ని నవ్వుతూ చెప్పడం అన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు.

ములీలి ఇంగ్లీషు గురించి ఒక అనుమానం రావడం సహజం. చదువు రానివాణ్ని దుర్మార్గుణ్ని చేసి, వాడి భాషను చూసి నవ్వమనడం న్యాయమేనా? పరాయి భాష సరిగ్గా రాకపోవడం ఏ దేశంలో తప్పయింది? ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెట్టింది. జవాబు నాటకంలోనే ఉంది, టుంబో అనే పాత్ర రూపంలో.

టుంబో ప్రభుత్వ అధికారి. స్వాహిలీలో టుంబో అంటే పొట్ట. కెన్యా ప్రేక్షకుడికి ఆ పేరు వినగానే మనిషి బొజ్జ కళ్ల ముందుకు వస్తుంది. తూర్పు ఆఫ్రికాలో అవినీతికి సంబంధించిన మాటలన్నీ నోటి చుట్టూ, కడుపు చుట్టూ తిరుగుతాయి. ప్రజాధనం కాజేయడాన్ని ‘తినడం’ అంటారు. లంచాన్ని ‘చాయ్’ అంటారు. హైదరాబాదులో చాయ్‌పానీ అన్నా, ఇంకోచోట ఆమ్యామ్యా అన్నా, వాడు లక్షలు మేశాడు అన్నా మనకు విడమరిచి చెప్పక్కర్లేదు కదా. నైరోబీలోనూ అంతే. సముద్రానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా చాయ్ అన్న మాట ఒక్కటే, దాని చాటున జరిగే పనీ ఒక్కటే. అలాంటి మాటల మధ్య ఒక అధికారికి పొట్ట అని పేరు పెట్టడంలో చమత్కారం కంటే సూటిదనమే ఎక్కువ.

టుంబో ఇంగ్లీషు మాత్రం నున్నగా ఉంటుంది. తప్పు దొర్లదు, గొంతు పెరగదు. తూటాకు బలైన అడికా అనే విద్యార్థి సోదరుడు జుస్పర్‌తో అతను మాట్లాడే ఘట్టం చూడండి. విదేశీ నాయకుడొకడు రాబోతున్నాడు. ఆయన ముందు ఆడటానికి ఒక నాటకం కావాలి. దానికి పోటీ పెట్టి మంచి రచనను ఎంపిక చేయాలి, అందుకు డబ్బూ ఉంది. టుంబో పోటీ పెట్టడు. పెట్టినట్టు కాగితాల మీద రాసుకోవచ్చులే అని ఆ పని జుస్పర్ చేతిలో పెడతాడు. ఇదంతా మేనమామ మేనల్లుడికి ఉద్యోగం చూసిపెడుతున్నంత ఆప్యాయంగా సాగిపోతుంది. దబాయింపు లేదు, బేరం లేదు, లంచం అన్న మాటే రాదు. ఆ సంభాషణను నేను పైకి చదివి చూశాను. ఎక్కడ తప్పు జరిగిందో వేలు పెట్టి చూపించే వాక్యం ఒక్కటీ దొరకలేదు. విడివిడిగా ప్రతి మాటా మర్యాదగానే ఉంది. అన్నీ కలిస్తే దోపిడీ అయింది.

అందుకే ములీలిని ఒంటరిగా చూడకూడదు. విరిగిన భాష ములీలిది, అతుకు కనబడని భాష టుంబోది. పక్కపక్కన నిలబెట్టి చూస్తే తప్పు చదువులో లేదని తెలిసిపోతుంది. ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు. నిజానికి ములీలే కాస్త నయం, వాడు ఎలాంటివాడో వాడి మాటే పట్టిస్తుంది. టుంబో దొరకడు. మన గిరీశం గుర్తొచ్చాడు నాకు. వెంకటేశం ముందు అతను ఇంగ్లీషు ముక్కలు దొర్లిస్తుంటే అర్థం ఎవరికి కావాలి? ఆ దర్జాయే సరుకు. గురజాడ ఏ కొలతతో ఆ మాటలు తూచారో, ఇంబుగా కూడా అలాంటి తక్కెడతోనే టుంబో మాటలు తూచారు.

ఆ విదేశీ నాయకుడి రాకకు ఏర్పాట్లు చూసే కమిటీలో టుంబోతో పాటు కబీటో అని ఇంకొకడు. విశ్వవిద్యాలయానికి పాలు సరఫరా చేసే టెండరు తనకు రావాల్సింది ములీలికి పోయిందని రగిలిపోతుంటాడు. పిల్లల మీద తుపాకి పేల్చిన దేశంలో, పిల్లలు తాగే పాల మీద ఈ పెద్దమనుషులు పేచీ పడుతుంటారు. ఈ రెండింటినీ ఇంబుగా ఎక్కడా పక్కపక్కన పెట్టి చూపించరు. చూసేవాళ్లే కలుపుకోవాలి. కలుపుకున్నాక కడుపులో దేవినట్టవుతుంది. చివరికి ములీలి చాడీయే కబీటో ప్రాణం తీస్తుంది. వ్యాకరణం లేని వాక్యం ఒక మనిషిని చంపగలదని అప్పటికి గాని మనకు తెలియదు. మొదట్లో నవ్విన నవ్వు అక్కడ గొంతుకు అడ్డం పడుతుంది.

కఫీరాలో మూడో భాష కూడా ఉంది. దానికి నోరు లేదు. అది ఉత్తర్వుల భాష. విద్యార్థుల ఊరేగింపులో అడికా తూటాకు బలయ్యాడు. అతని అంత్యక్రియలకు ప్రభుత్వం షరతులు పెట్టింది. పది నిమిషాలు దాటకూడదు. శవపేటికను విద్యార్థులు మోయకూడదు. అధ్యాపకులు బహిరంగంగా ఏడవకూడదు. జైల్లో కూర్చున్న లెక్చరర్ మొసేసె నోట మనం ఇవన్నీ వింటాం. ఆ సమాధి దగ్గర నోరు విప్పినందుకే అతని కారులో మత్తుమందు పెట్టి జైలుకు పంపారు. కట్టె కాలేలోపు, మట్టి పడేలోపు ఎంతసేపు ఏడవాలో లెక్క కట్టి కాగితం మీద పెట్టే భాష అది. అందులో కోపం ఉండదు, ద్వేషం ఉండదు, సంతకం ఉంటుంది. ములీలి మాట వింటే నవ్వొచ్చింది, టుంబో మాట వింటే చిరాకేసింది. ఈ మూడోది విన్నప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. ఈ షరతులను ఇంబుగా ఒకదాని కింద ఒకటి పేర్చి ఊరుకుంటారు, ఏ పాత్రా వాటి మీద ఉపన్యాసం ఇవ్వదు. ఇంకొకరైతే అక్కడ ఒక పేజీడు ఆవేశం రాసుండేవారు.

ఇంత మంది ఇన్ని భాషలు మాట్లాడుతుంటే కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఏ భాష మిగులుతుంది? అడికా తల్లి నీనా, తండ్రి డోగా. ఆచారం ప్రకారం సమాధి దగ్గర తలగొరిగించుకునే కర్మ చేసుకుందామని వస్తారు. ములీలి, జెరె అనే మరో సిపాయి దాన్ని ఆపడానికి వస్తారు. శాంతిభద్రతల కోసమని పైనుంచి ఉత్తర్వు. నీనా బతిమాలుతుంది, వాదిస్తుంది. ఏదీ పనిచేయదు. అప్పుడు తన ఒంటి మీది బట్ట విప్పేస్తానంటుంది. తల్లి వయసు మనిషి కొడుకు వయసువాళ్ల ఎదుట అలా నిలబడటం అక్కడ ఘోరమైన శాపం. జెరె వణికిపోతాడు, ఆపమని వేడుకుంటాడు. ములీలికి మాత్రం ఉత్తర్వు ఉత్తర్వే. ఆ ఘట్టంలో ఇద్దరు సిపాయిలు వేరైపోతారు. శాపం భాష ఇంకా అర్థమయ్యేవాడు ఒకడు, మరిచిపోయినవాడు ఇంకొకడు. అర్థమైనవాడు జైలుకు పోతాడు.

ఇక్కడ నాకు వోలె సోయింకా గుర్తొస్తారు. నైజీరియాలో, ఇంబుగా కంటే పదేళ్లు ముందు, ఆయన ‘కోంగీస్ హార్వెస్ట్’లో సరిగ్గా ఇలాంటి ఘట్టమే రాశారు. 1965లో లాగోస్‌లో మొదటిసారి ఆడి, 1967లో అచ్చయిన నాటకం. ముసలి రాజు డన్లోలాను కొత్త నియంత కోంగీ జైల్లో పెట్టాడు. జైలు అధికారి వచ్చి రాజలాంఛనంగా మోగే డప్పులను ఆపిస్తాడు. డన్లోలా తిట్టడు, తిరగబడడు. నీకు సాష్టాంగపడి దండం పెడతానంటాడు. అధికారికి పై ప్రాణాలు పైనే పోతాయి. యొరూబాల లెక్కలో రాజు సామాన్యుడి కాళ్ల మీద పడితే ఆ సామాన్యుడి వంశానికే కీడు. వద్దు మహాప్రభో అని అధికారే కాళ్లావేళ్లా పడతాడు. చేతిలో తాళాలున్నవాడు ఒకడు, ఆ గడియలో పైచేయి ఇంకొకడిది. నీనా బట్ట, డన్లోలా దండం: రెండూ అధికారం మాట చెల్లని చోటు నుంచి వచ్చిన మాటలు. ఇద్దరు నాటకకర్తలూ వాటిని బెదిరింపుగానే ఆపారు, జరగనివ్వలేదు. జరిగితే చూసేదొక దృశ్యం అయిపోయేది. ఆగింది కాబట్టి మాటగా మిగిలింది.

ఇంబుగా భాషను విరిచి చూపిస్తే, సోయింకా దాన్ని ఉబ్బించి చూపిస్తారు. కోంగీ ఏలే దేశం పేరు ఇస్మా. మనం ‘ఇజం’ అనే ఆ తోకనే ఆయన దేశం పేరు చేశారు. కోంగీలో ఘానా నేత క్వామే ఎన్‌క్రూమా పోలికలు చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. పాత రాజుకు అవేరీ అనే పెద్దల సభ ఉండేది. కోంగీ ఆ సభ పేరు లాగేసుకుని, ముందు ‘సంస్కరించిన’ అని తగిలించి, తన మేధావులకు ఇచ్చాడు. ఆ మేధావులు కొండ మీద కూర్చుని తీరుబడిగా చర్చించే విషయం ఒక్కటే: జనానికి మనం ఎలా కనబడాలి? పాత పెద్దల్లా సామెతలు వాడదామా? వద్దు, అది ముసలివాళ్ల పద్ధతి. బీజగణితం లెక్కల్లా వినబడే సూత్రాలు కావాలి. విజ్ఞానం అన్న మాటకు ముందొకటి వెనకొకటి తగిలించి ఒక కొత్త సిద్ధాంతం పేరు తయారుచేస్తారు. ఆ చర్చ మొత్తం చదివి, వాళ్లు చేసిన పని ఏమిటని వెతికితే చేతికి ఏమీ రాదు. పైగా పాపం ఆకలితో ఉంటారు. నాయకుడు ఉపవాసం ఉన్నాడు కాబట్టి వాళ్లూ ఉండాల్సిందే. కడుపు నకనకలాడుతుంటే నోరు మాత్రం తత్వం మాట్లాడుతుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని సోయింకా వాక్యం పొడవుతో కొలిచారు. ఆకలి పెరిగేకొద్దీ వాక్యాలు సాగుతాయి.

కోంగీ ఫొటోలు దిగే ఘట్టం ఉంది. ఒక్కో భంగిమకు ఒక్కో శీర్షిక: నాయకుడి ఏకాంతం, నాయకుడి వేదన, నాయకుడి దయ, ఇలాంటివి. ముందు శీర్షిక పుడుతుంది, తర్వాత ముఖం దానికి తగ్గట్టు మారుతుంది. మామూలుగా మనిషికి ఏదో అనిపిస్తే దానికి మాట వెతుక్కుంటాడు. ఇక్కడ మాట ముందే తయారుగా ఉంది, మనిషిని అందులో దూర్చాలి. ఆ తర్వాత కాలెండరు. కోంగీ జరిపే పంట పండుగ నుంచే కొత్త శకం మొదలవ్వాలట. దానికి ముందు, దానికి తర్వాత అని ఏళ్లు లెక్కపెట్టాలట. కార్యదర్శి వెంటనే పొడి అక్షరాల సంక్షేపాలు కూడా సిద్ధం చేసేస్తాడు. కాలాన్ని కూడా లంచంగా పుచ్చుకునేవాడు ఒకడు, దాన్ని పళ్లెంలో పెట్టి అందించేవాడు ఇంకొకడు. ఇందులో నాకు నచ్చింది కార్యదర్శి వేగం. ఆలోచన బయటికి వచ్చీరాకముందే దానికి ఆఫీసు రూపం ఇచ్చేస్తాడు. దుర్మార్గం పుట్టిన క్షణానికీ, అది ఫైలుగా మారిన క్షణానికీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు.

డన్లోలా నోట మాత్రం అంతా సామెతే, అంతా పద్యమే. అయినా సోయింకా ఆయన్ని దేవుణ్ని చేయలేదు. ఆ రాజుకూ తన మాటల మీద తనకు మోజు ఎక్కువ, నటన ఎక్కువ. కానీ ఆయన మాటలో యామ్ దుంపలు ఉంటాయి, కత్తులు ఉంటాయి, తాళపత్రాలంత పాతబడిన బంధుత్వాలు ఉంటాయి, చేత్తో తాకగలిగినవి. కోంగీ మనుషుల మాటలో తాకడానికి ఒక్క వస్తువు దొరకదు. ఈ తేడాను ఎవరూ విప్పి చెప్పకుండా మన చెవికే వదిలేశారు.

1984లో వచ్చిన ‘ఎ ప్లే ఆఫ్ జెయంట్స్’లో సోయింకా ఇంకో అడుగు ముందుకు వేశారు. ఉగాండాను ఏలిన ఇదీ అమీన్‌ను తలపించే కమీనీ అనే నియంత న్యూయార్క్‌లోని తన రాయబార కార్యాలయంలో మకాం పెట్టాడు. అప్పు పుట్టలేదని నోట్లు ఇంకా అచ్చు వేయమంటాడు. రిజర్వు బ్యాంకు అధ్యక్షుడి లాంటి పెద్దమనిషి, మన నోటుకు పాయిఖానా కాగితం పాటి విలువ కూడా లేదని నోరు జారతాడు. కమీనీ అతని తలను పాయిఖానా గుంటలో పెట్టించి, తొట్టి నిండినప్పుడల్లా నీళ్లు వదలమంటాడు. పోలికగా అన్న మాటను నియంత పోలికగా ఉండనివ్వలేదు. మాటను పట్టుకెళ్లి దాన్నే శిక్షగా అమలు చేశాడు. ఉపమానానికి కూడా రక్షణ లేని దేశంలో మనిషి ఎలా మాట్లాడాలి అని నేను ఆ పేజీ మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఈ ఇద్దరూ రాసింది ఇంగ్లీషులో. కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఆ ఇంగ్లీషునే వదిలేశారు. 1977లో గూగీ వా మిరీతో కలిసి గికుయు భాషలో ‘ఎన్‌గాహికా ఎన్‌దీండా’ రాసి, కామిరీతు ఊళ్లో రైతులు, కూలీలతో ఆడించారు. నాకిష్టమైనప్పుడు పెళ్లాడతాను అని ఆ పేరుకు అర్థం. అందులో కిగుండా అనే కూలీ ఇంటి గోడకు ఒక పటం వేలాడుతుంటుంది. దేవుడి పటం కాదు, ఎకరంన్నర నేల పట్టా. ఆ ఎకరంన్నరను లాక్కునే ధనికుడు కియోయి మాటలన్నీ దైవభక్తితో తడిసి ఉంటాయి. చర్చిలో మళ్లీ పెళ్లి చేసుకోమంటాడు, దానికి అప్పు ఇప్పిస్తాడు, ఆ అప్పు పట్టాను మింగేస్తుంది. ఎవరి భాషలో మోసపోయారో ఆ భాషలోనే ఆ మోసాన్ని వినిపిస్తే ఏమవుతుందో ప్రభుత్వానికి బాగా అర్థమైంది. ఆరు వారాలు గడవగానే నాటకాన్ని నిషేధించింది. ఆ ఏడాది చివరి రోజున గూగీని పట్టుకెళ్లి, విచారణ లేకుండా ఏడాదిపాటు కమీటీ జైల్లో ఉంచింది. అక్కడ ఆయన పాయిఖానా కాగితం మీద రాసిన గికుయు నవలను మన వరవరరావు గారు తానూ జైల్లో ఉండగా ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. ఇంగ్లీషులో కఫీరా అని రాసిన ఇంబుగా నాటకాన్ని ప్రభుత్వమే విదేశానికి పంపిన ఏడాదే, గికుయులో రాసిన గూగీని జైలుకు పంపింది. ఏ భాషలో చెప్పామన్నది ఏం చెప్పామన్నదానికంటే తక్కువ విషయం కాదని దీనికంటే స్పష్టంగా ఇంకెవరు చెప్పగలరు?

మళ్లీ ములీలి దగ్గరికి వస్తాను. నాటకం చివర ఖైదీలు బాస్ ఎదుట రిహార్సల్ ఆడుతుంటారు. అది టుంబో పోటీ లేకుండా అంటగట్టిన జుస్పర్ నాటకమే. చూస్తుండగానే ఆట నిజమై, తుపాకి బాస్ వైపు తిరుగుతుంది. ఇతణ్ని ఎందుకు వదిలేయాలో చెప్పమని చుట్టమైన ములీలినే అడుగుతారు. ములీలి ఒక్క క్షణం తడుముకోడు. చంపాల్సిందే అంటాడు. వరసగా అంకెలు వేసి మరీ కారణాలు చెబుతాడు: అన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్నాడు, దేశం ఆర్థికాన్ని పాడుచేశాడు, మరీ ఎక్కువకాలం ఏలాడు, కబీటోను చంపించాడు.

ఇంగ్లీషు అప్పుడూ విరిగే ఉంది, ఒక్క క్రియా సరిగ్గా లేదు. కానీ నాటకం మొత్తంలో ములీలి అర్థం తిన్నగా పలికింది ఆ ఒక్కసారే. ఆరోపణలన్నీ నిజం, కబీటో చావుతో సహా. ఆ చావుకు ముడిసరుకు అందించింది తానేనన్న సంగతి మాత్రం ఆ పద్దులో ఎక్కలేదు. నిజాన్ని అబద్ధీకుడి నోట పెట్టి, అది ద్రోహంగా మారే క్షణాన్ని ఇంబుగా ఎంత నిమ్మళంగా పట్టుకున్నారో చూడండి. జుస్పర్ తుపాకి పేలుతుంది. పడేది ములీలి. బాస్ ప్రాణాలతో నిలబడి ఉంటాడు.

సోయింకా నాటకంలో పతాక ఘట్టం పంట పండుగ. కోంగీ మహోపన్యాసం మొదలుపెడతాడు. నాటకమంతా మనం ఎదురుచూసిన ఉపన్యాసం అది. ఒక్క మాట కూడా మనకు వినబడదు. చుట్టూ నృత్యం, డప్పులు, రోకళ్ల చప్పుడు, అతని మాటలన్నీ ఆ హోరులో మునిగిపోతాయి. తిడతాడు, బుజ్జగిస్తాడు, శపిస్తాడు, చెమటతో తడిసి నోట నురగలు కక్కుతాడు. మనం చూసేది కదులుతున్న పెదవులను మాత్రమే. అంతలో సెగి అనే స్త్రీ రాగి పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టి మూత తీస్తుంది. కొత్త యామ్ దుంప ఉండాల్సిన చోట ఒక ముసలివాడి తల ఉంటుంది, అతను చంపించిన ఆమె తండ్రి తల. కోంగీ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది.